నా ఫోనుకు మెసేజ్, మామ చేతిలో విత్తనం

2025 జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని ఉండగా బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. ఖాతాలో 24,000 రూపాయలు జమ అయ్యాయి. నాలుగెకరాలకు, ఎకరాకు ఆరు వేల చొప్పున, తెలంగాణ ప్రభుత్వం పెట్టుబడి సాయంగా ఇచ్చే వానాకాలం రైతు భరోసా. పక్క సీటులో ఉండే మిత్రుడు తొంగి చూసి, "మీ రైతులకేమండీ, పెట్టుబడి కూడా ప్రభుత్వమే పెడుతోంది" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఆ నాలుగెకరాల్లో నేను ఈ జన్మలో ఒక్క గింజ వేసి ఎరగను. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ పత్తి మొలకలు రెండాకుల మీద ఉన్నాయి. వాటిని వేసింది ఊళ్లో వరస కలిపి నేను మామా అని పిలిచే మనిషి. ఆయనకు సొంతంగా ఉన్నది ముప్పై గుంటలు, అంటే ముప్పావు ఎకరం. నా నాలుగెకరాలు ఆయన కౌలుకు చేస్తున్నాడు.

మిత్రుడి మాట ఆ రోజంతా నన్ను వదల్లేదు. రైతు చేతికి నేరుగా డబ్బు ఇస్తే అతని బతుకు మారుతుందా అన్న చర్చ 2018 నుంచీ వింటున్నాను. మారుతుందనే నా నమ్మకం. మారడం నేను కళ్లారా చూశాను కూడా. అయితే ఆ మార్పు, సాగు చేసే మనిషి చేతికి, విత్తనం వేసే వేళకు ఆ డబ్బు అందిన ఏళ్లలోనే కనిపించింది. మన పథకాలు పట్టాను చూసి డబ్బు వేస్తున్నాయి. సాగును చూసి వెయ్యాలన్నది నా వాదన. ఈ వాదన వల్ల ముందుగా నష్టపోయేది నేనే కనుక, కొంత సంకోచంతోనే దీన్ని రాస్తున్నాను.

మే నెల లెక్క

2018 మే 10న హుజూరాబాద్ దగ్గర, రైతు భరోసాకు ముందున్న రైతుబంధు పథకం మొదలైనప్పుడు మా నాన్న బతికే ఉన్నాడు. ఊళ్లో కొత్త పట్టాదారు పాసుబుక్కుతో పాటు చెక్కు కూడా ఇచ్చారు. అప్పట్లో ఎకరాకు నాలుగు వేలు కాబట్టి, ఎనిమిదెకరాలకు 32,000. అప్పటికే రెండేళ్లుగా ఆయన సాగు మానేసి భూమిని కౌలుకు ఇచ్చి ఉన్నాడు. చెక్కును రెండు మూడు సార్లు తిప్పి చూసి, "సర్కారు మనకు బాకీ పడ్డట్టున్నదిరా" అని నవ్వాడు. మరుసటి ఏడు ఆయన పోయాక భూమి అన్నదమ్ములిద్దరికీ నాలుగేసి ఎకరాలుగా విరాసత్ అయింది. 2020 వానాకాలంలో మొదటిసారి నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. అప్పటికి సాయం ఎకరాకు ఐదు వేలైంది, నాకు పడింది 20,000.

ఆ ఏడు నా లెక్క, మామ లెక్క పక్కపక్కన పెట్టి చూడండి. కౌలు ఎకరాకు ఎనిమిది వేలు. సగం దుక్కులకు ముందే ఇవ్వాలి, మిగతా సగం పత్తి అమ్మినాక. అంటే మే నెలలో మామ నాకు 16,000 కట్టాలి. చేతిలో లేదు కనుక నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చాడు. నెలకు 320. పత్తి డబ్బు చేతికొచ్చే జనవరి నాటికి మిత్తే రెండున్నర వేలు దాటుతుంది. ఆయన అప్పు చేసి నాకు కట్టిన నెల రోజులకు ప్రభుత్వం నాకు ఇంకో ఇరవై వేలు వేసింది. యాసంగిలో మరో ఇరవై వేలు. ఏడాదికి నాకు కౌలు మీద వచ్చింది 32,000 అయితే, రైతుబంధు మీద వచ్చింది 40,000. భూమి నాకు కౌలు కంటే ఎక్కువ సాయం సంపాదించి పెడుతోంది.

మామకూ రైతుబంధు పడింది. ముప్పై గుంటలకు 3,750. ఆ ఏడు విత్తనాల, ఎరువుల ఖర్చులో పాతిక శాతానికి కూడా చాలని ఆ డబ్బును వాటికే పెట్టాడు. అందులో అధిక భాగం నా నాలుగెకరాల్లోకే పోయింది. ఈ సంగతి నేను చాలా ఆలస్యంగా గ్రహించాను. తన ముప్పై గుంటలకు వచ్చిన సాయం కూడా నా పొలానికే పెట్టుబడి అయింది.

దుకాణం ముందు రెండు రకాల మనుషులు

"ఐదు వేలు ఏ మూలకు సరిపోతాయి?" అనేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఎకరా పత్తికి అయ్యే మొత్తం ఖర్చుతో పోల్చితే నిజంగానే అది చిన్న మొత్తం. కానీ రైతు ఖర్చు ఏడాదంతా సమానంగా ఉండదు. మిరుగం కార్తె నాటికి ఇంట్లో గింజ అమ్మగా వచ్చిన పైసలన్నీ అయిపోయి ఉంటాయి, బడి ఫీజులు అప్పుడే, దుక్కి దున్నించిన ట్రాక్టరు కిరాయి అప్పుడే. 2023లో బీటీ పత్తి ప్యాకెట్ ధర 853 రూపాయలు. ఎకరాకు రెండు ప్యాకెట్లు. డీఏపీ బస్తా 1,350. అంటే ఎకరాకు విత్తనం, మొదటి ఎరువు కలిపి మూడు వేల పైచిలుకు. సరిగ్గా ఆ రెండు వారాల్లో చేతిలో ఐదు వేలుంటే ఆ రైతు ఒక రకం మనిషి, లేకపోతే ఇంకో రకం మనిషి.

ఆ తేడా నేను 2021లో చూశాను. ఆ ఏడు మెసేజ్ రాగానే ఇరవై వేలూ మామకు ఫోన్‌లోనే పంపించాను. ఇదేదో గొప్ప త్యాగమని చెప్పుకోవడానికి కాదు. ముందటి ఏడు తినేసిన నలభై వేల తాలూకు సిగ్గు అందులో సగం. సెలవు పెట్టి ఊరికి వెళ్లి ఉన్నాను కనుక ఆయనతో పాటు మండల కేంద్రంలోని ఎరువుల దుకాణానికి వెళ్లాను. బయట బెంచీ మీద పది మంది దాకా కూర్చుని ఉన్నారు. వాళ్లంతా ఉద్దెర ఖాతాల వాళ్లు, అంటే అప్పు మీద సరుకు తీసుకునేవాళ్లు. దుకాణదారుకు తీరిక దొరికినప్పుడు పిలుస్తాడు. మామ నేరుగా లోపలికి వెళ్లి కౌంటరు మీద చెయ్యి పెట్టి తనకు కావలసిన కంపెనీ పేరు చెప్పాడు. కుర్రవాడు వేరే ప్యాకెట్ తీసి "ఇది మంచిగున్నది, అందరూ ఇదే తీస్కపోతున్నరు" అన్నాడు. మామ తల అడ్డంగా ఊపి, "నగదు తమ్మీ" అన్నాడు. అంతే. అడిగిన ప్యాకెట్లు వచ్చాయి. బయట బెంచీ మీద మౌనంగా కూర్చున్నవాళ్లకు ఆ ఎంపిక లేదు. దుకాణదారు ఏది ఇస్తే అదే వేస్తారు, ఏ మందు రాసిస్తే అదే కొడతారు.

ఉద్దెరలో అసలు నష్టం ప్యాకెట్ ధరలో ఉండదు, దాని మీద ఎమ్మార్పీ అచ్చయి ఉంటుంది కదా. ఖాతాలో మొదటి రోజు నుంచే మిత్తి నడుస్తుంది. దానికంటే పెద్ద షరతు పత్తి చేతికొచ్చినప్పుడు బయటపడుతుంది. ఉద్దెర ఇచ్చినవాడే పత్తి కొంటాడు, లేదా తనవాడి కాంటాకే తెమ్మంటాడు. తేమ ఉందనీ, గుడ్డి పత్తి కలిసిందనీ క్వింటాలుకు నాలుగైదు వందలు కోసేస్తాడు. అప్పున్న రైతు మద్దతు ధర ఎంత ఉన్నా, ఆ ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కేంద్రం దాకా బండి కట్టలేడు. జూన్‌లో చేతిలో లేని ఐదు వేలకు నవంబరులో ఇలా వడ్డీతో సహా కట్టుకుంటాడు. అందుకే పెట్టుబడి సాయం విలువను దాని మొత్తంతో కొలవడం నాకు సరైనదిగా తోచదు.

ఆ ఏడు మామ ఇంట్లో ఇంకొకటి జరిగింది. ఏటా మృగశిరలో అత్త చెవి కమ్మలు కుదువకు పోయి సంక్రాంతి తరువాత తిరిగి రావడం ఆనవాయితీ. ఒకసారి వచ్చేవి, ఒకసారి వచ్చేవి కావు, మళ్లీ చేయించుకునేది. 2021 ఆగస్టులో ఊరికి వెళ్లినప్పుడు కలుపు తీసి వస్తున్న అత్త చెవులకు అవి ఉన్నాయి. నేను ఏమీ అనలేదు. ఆమే చెయ్యి చెవి దగ్గరికి తీసుకుపోయి, "ఈసారి ఇంట్లనే ఉన్నయి అల్లుడా" అంది.

తాగేస్తారన్న మాట

నగదు చేతికిస్తే తాగేస్తారన్న అభ్యంతరం గురించి ఎక్కువ రాయను. 2011, 2012 సంవత్సరాల్లో మధ్యప్రదేశ్ గ్రామాల్లో 'సేవా' (SEWA) అనే మహిళల సంఘం, యూనిసెఫ్ సాయంతో ప్రతి పెద్దవారికీ, పిల్లలకూ నెలనెలా కొంత నగదు ఇచ్చి చూసింది. అక్కడా తాగుడు పెరుగుతుందనే అందరూ భయపడ్డారు, అది జరగలేదు. సొంత పొలాల్లో పని, విత్తనాల మీద ఖర్చు పెరిగాయి. ఇతర దేశాల్లో జరిగిన పరిశీలనలనూ 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఒకచోట చేర్చి చూసి ఇదే మాట చెప్పారు. మా ఊళ్లో తాగేవాళ్లు రైతుబంధుకు ముందూ తాగారు, తరువాతా తాగుతున్నారు. నాకు వచ్చే జీతంతో నేనేం చేస్తానని ఇంతవరకు ఎవరూ ఆరా తీయలేదన్నది కూడా గమనించాలి.

పట్టా ఉన్నవాడే రైతు

అసలు చిక్కు ఇక్కడుంది. ఒకప్పుడు ఊరి భూముల రికార్డైన పహాణీలో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు అనే గడి ఒకటి ఉండేది. భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నారు అన్న రెండు ప్రశ్నలకు అందులో జవాబు దొరికేది. ఆ గడిలో తప్పుడు పేర్లు ఎక్కించిన కథలు లెక్కలేనన్ని ఉన్నాయి, కాదనను. 2020లో కొత్త చట్టం, ధరణి అనే ఆన్‌లైన్ భూమి రికార్డు వచ్చేసరికి ఆ గడే పోయింది. కౌలు అనేది యజమానికీ కౌలుదారుకూ మధ్య వ్యవహారం, ప్రభుత్వానికి దానితో పని లేదన్నారు. 2022లో రైతు స్వరాజ్య వేదిక తెలంగాణ పల్లెల్లో చేసిన సర్వేలో సాగుదారుల్లో మూడో వంతుకు పైగా కౌలు చేస్తున్నవాళ్లేనని తేలింది. అంతమంది ప్రభుత్వ రికార్డులో ఎక్కడా లేరు.

రికార్డులో లేకపోవడమంటే ఒక్క పెట్టుబడి సాయం అందకపోవడమే కాదు. పంట రుణం పాసుబుక్కు మీద ఇస్తారు. రుణమాఫీ ఆ రుణానికే. రైతుబీమా ఐదు లక్షలు పట్టాదారు పోతేనే. మామ పోతే ముప్పై గుంటల పుణ్యాన ఆ ఇంటికి అది వస్తుంది. ఆ గుంటలు కూడా లేని కౌలు రైతు ఇంటికి ఏమీ రాదు. చివరికి మామ పత్తిని సీసీఐకి అమ్మినప్పుడు కూడా నా పాసుబుక్కు, నా ఆధార్, నా ఖాతా. డబ్బు నాకు పడితే నేను ఆయనకు పంపాలి. నేను మంచివాడినైతే ఆ రోజే పంపుతాను. నాకు తీరిక లేకపోతే మూడు రోజులకు. ఒకసారి మరిచిపోయి వారం చేశాను. ఆ వారంలో మామ నాకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. తన పత్తి డబ్బు తాను అడగడానికి మొహమాటపడ్డాడు, ఎందుకంటే వచ్చే ఉగాదికి భూమి మళ్లీ ఆయనకే ఇవ్వాలో వద్దో చెప్పేది నేను.

2023 ఎన్నికల ముందు కౌలు రైతులకూ సాయం ఇస్తామన్న హామీ వచ్చింది. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలైనప్పుడు సాగుకు పనికిరాని భూములను తీసేశారు, మంచిదే. డబ్బు మాత్రం మళ్లీ పట్టాదారుకే. అదే రోజున భూమి లేని కూలీల కోసం ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పెట్టి ఏడాదికి పన్నెండు వేలన్నారు, ఉపాధి హామీలో ఇరవై రోజులైనా పని చేసి ఉండాలి. మామకు ముప్పై గుంటలున్నాయి కనుక ఆయన భూమి లేనివాడు కాదు. నా నాలుగెకరాలు ఆయన పేరు మీద లేవు కనుక వాటికి ఆయన రైతూ కాదు.

నాన్న భయం, అన్న భయం

కౌలుదారు పేరు కాగితం మీద ఎక్కాలంటే భూమి ఉన్నవాళ్లంతా ఎందుకు ఉలిక్కిపడతారో నాకు తెలుసు, మా ఇంట్లోనే విన్నాను కాబట్టి. తెలంగాణలో 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లను గుర్తించింది, అందులోని 38-ఇ సెక్షన్ కింద చాలామందికి ఆ భూములపై హక్కులు కూడా వచ్చాయి. మా నాన్న ఆ ముచ్చట్లు వింటూ పెరిగాడు. "నోటి మాట మీద ఇయ్యాలె, కాయితం మీద పెడితే భూమి పోతది" అన్నది ఆయన నియమం. దాన్ని భూస్వామి దురాశ అని కొట్టిపారేయడం సులువే కానీ, ఎనిమిదెకరాల చెలక మీద ముగ్గురు పిల్లలను చదివించిన మనిషి భయం అది.

ఈ భయాన్ని పక్కన పెట్టి చట్టం రాస్తే ఏమవుతుందో కూడా చూశాం. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో యజమాని సంతకంతో పని లేకుండా కౌలుదార్లకు రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం వచ్చింది. కార్డులు వచ్చాయి గానీ, వాటిని చూసి అప్పు ఇవ్వడానికి బ్యాంకులు అంతగా ముందుకు రాలేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో చేసిన చట్టం పదకొండు నెలల సాగుదారు పత్రానికి యజమాని సంతకం కావాలంది. భయం తీరింది, దాంతో పాటు సంతకం పెట్టేవాళ్లు కూడా తగ్గారు. ఆ రాష్ట్రంలో భూమి లేని కౌలు రైతులకు సాయం ఇచ్చే ఏర్పాటు ఉన్నా ఆ పత్రం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. ఒడిశా 2018 డిసెంబరులో ప్రకటించిన కాలియా పథకంలో భూమి ఉన్నా లేకున్నా చిన్న సాగుదారులను, కౌలుదార్లను చేర్చింది. అక్కడ సాయాన్ని ఎకరాలకు ముడిపెట్టకుండా కుటుంబానికి ఇంత అని ఇచ్చారు. పీఎం కిసాన్‌లో కూడా కుటుంబానికి ఏడాదికి ఆరు వేలే, ఎన్ని ఎకరాలున్నా. ఆదాయపు పన్ను కడతాను కాబట్టి అందులో నేను అనర్హుడిని. మామకు రెండేసి వేలు మూడుసార్లు పడతాయి. నాలాంటివాణ్ణి ఏరివేయడం ప్రభుత్వానికి చేతకాని పనేమీ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

నన్ను నిజంగా తికమక పెట్టే ప్రశ్న వేరే ఉంది. సాయం కౌలుదారుకే ఇస్తే యజమాని ఆ మేరకు కౌలు పెంచడా? పెంచుతాడు. నేను ఇరవై వేలు మామకు ఇచ్చిన సంగతి ఊళ్లో తెలిసిన మరుసటి ఉగాదికి ఒకాయన నాకు ఫోన్ చేశాడు. "రైతుబంధు నువ్వే ఉంచుకో, ఎకరాకు రెండు వేలు ఎక్కువిస్త, భూమి నాకియ్యి" అన్నాడు. అంటే నాకు ఎటు చూసినా లాభమే. పక్కనే నాలుగెకరాలున్న మా అన్న ఇంకో రకంగా ఫోన్ చేశాడు. తన కౌలుదారు కూడా అడుగుతున్నాడట. "నువ్వు పట్నంల కూసోని ఊళ్లె రేటు చెడగొడుతున్నవురా" అన్నాడు. భూమికి పోటీ ఉన్నచోట సాయంలో కొంత భాగం కౌలు రూపంలో యజమాని దగ్గరికి చేరుతుంది, దాన్ని ఏ పథకమూ పూర్తిగా ఆపలేదు. అయినా ఒక తేడా మిగులుతుంది. ఇప్పుడు వందకు వంద నాకే వస్తోంది. అప్పుడు జూన్‌లో డబ్బు ముందు మామ చేతిలో పడుతుంది, నా వాటా కోసం నేను ఆయనతో మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఎకరాకు ఇంత అని కాకుండా కుటుంబానికి ఇంత అని ఇస్తే, దాన్ని కౌలులోకి లాగడం ఇంకా కష్టం.

పడితే పంపిస్తా

నాలాంటివాళ్లు ఎవరికి వారు ఇచ్చుకుంటే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. 2021, 2022, 2023 వానాకాలాల్లో నేను ఇచ్చాను. 2022లో, 2023లో ప్రభుత్వ డబ్బే జూన్ నెలాఖరుకు మొదలైంది కనుక అది మామకు చేరేసరికి విత్తనాలు ఉద్దెరకు తేవడం అయిపోయింది, ఎరువుకు మాత్రం అక్కరకొచ్చింది. 2024 వానాకాలంలో సాయమే రాలేదు. జూన్ మొదటి వారంలో మామ ఫోన్ చేసి, అదీ ఇదీ మాట్లాడి, చివరికి "పైసలు ఏమన్న పడ్డయా అల్లుడా?" అన్నాడు. "లేదు మామా, పడితే పంపిస్తా" అన్నాను. నా జీతం ఒకటో తారీఖునే పడింది. అందులోంచి పంపవచ్చునన్న ఆలోచన నాకు రాలేదని చెబితే అబద్ధం. ఇంటి రుణం కిస్తీ, పిల్లల ఫీజు అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఏడు మామ బెంచీ మీద కూర్చున్నాడు. అత్త కమ్మలు పోయాయి.

2025లో జూన్ 16న మొదలుపెట్టి తొమ్మిది రోజుల్లో అందరికీ వేశారు. నాకు మెసేజ్ వచ్చిన సాయంత్రమే మామకు ఇరవై నాలుగు వేలూ పంపి ఫోన్ చేశాను. "మంచిది అల్లుడా, దుకాణంల కట్టేస్త" అన్నాడు. ముందటి ఏడు బాకీ ఇంకా తీరలేదట. ఆ బాకీ ఉండగానే ఈసారి విత్తనాలు కూడా వాళ్ల దగ్గరే తెచ్చాడు. ఏ కంపెనీవి వేశావని అడిగాను. "వాళ్లిచ్చినయే" అన్నాడు.

వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలల ఒప్పందం రాసి, మా అన్నకు వాట్సాప్‌లో పంపాను, తన కౌలుదారుకూ ఇలాంటిదే రాసిస్తే బాగుంటుందని. నీలి టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. నా కాగితం మీద నేను సంతకం పెట్టాను. దాన్ని ఏ ఆఫీసులో ఇస్తే మామ పేరు రికార్డులోకి ఎక్కుతుందని తెలిసినవాళ్లను అడిగాను. అలాంటి గడి ఇప్పుడు లేదన్నారు.